గాలికి గొళ్లెం

మా వైపు మిరపకాయలు కళ్లంలో ఎండబోసిన రోజుల్లో రైతు ఇంట్లో పడుకోడు. నులక మంచం కళ్లంలోనే వేసుకుంటాడు. తల దగ్గర టార్చిలైటు, మంచం కింద కుక్క. రాశిలో ఒక బస్తా తగ్గితే పొద్దున్నే కంటికి తెలుస్తుంది. పత్తి పోతే తూకంలో తెలుస్తుంది. నా దగ్గర పోతున్న సొత్తుకు బరువు లేదు, రంగు లేదు, రాశి పోసే వీల్లేదు. ఎంత పోయినా ఉన్నట్టే ఉంటుంది, తీరా నాకు కావలసి వచ్చేసరికి ఉండదు. మంచం ఎక్కడ వేసుకోవాలో తెలియక ఈ గోడు రాస్తున్నాను.

పోతున్నది మా ఇంటి వైఫై.

ముందు నా యోగ్యత చెప్పుకోవాలి. చీరాల బట్టల మార్కెట్టులో ముప్పై ఎనిమిదేళ్లు గుమస్తాగా పద్దులు రాసినవాణ్ణి. తానుల లెక్కలో జానెడు గుడ్డ తేడా వస్తే, ఆ జానెడూ దొరికేదాకా రాత్రి అన్నానికి లేవనివాణ్ణి. అలాంటివాడి ఇంట్లో, నెలనెలా రొక్కం కట్టి తెచ్చుకున్న ఇంటర్నెట్టు ఎవరెవరి జేబుల్లోకో పోతుంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

రోగ లక్షణం ఇదీ. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. రాత్రి ఏడున్నరకు మనవరాలిని ఫోన్లో చూపిస్తాడు. పిల్ల "తాతా" అనడానికి నోరు తెరుస్తుంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోతుంది. మధ్యలో ఒక చక్రం తిరుగుతుంది. ఆ చక్రం తిరిగి తిరిగి ఆగేసరికి "తా" అయిపోయి పిల్ల నిద్రపోయి ఉంటుంది. అదే మధ్యాహ్నం రెండింటికి, ఎండకు వీధిలో కుక్క కూడా లేనప్పుడు, నెట్టు నీళ్లలా పారుతుంది. అంటే గొట్టంలో నీళ్లున్నాయి, సాయంత్రం అయ్యేసరికి ఎవరో మోటారు వేస్తున్నారు.

దీనికి మూలపురుషుడు కేబుల్ కుర్రాడు. 2017 డిసెంబరులో మన రాష్ట్రంలో 149 రూపాయల ఫైబర్ కనెక్షను మొదలైన దగ్గర్నుంచి, కరెంటు స్తంభాల మీద వేలాడే నల్లటి తీగ మనకు కొత్త కాదు. మాది వేరే కంపెనీది, దాని పేరుతో పని లేదు. కుర్రాడు వచ్చాడు, గోడకు కన్నం పెట్టాడు, తీగ లోపలికి లాగాడు. నట్టింటి దాకా రావడానికి రెండు గజాలు తక్కువైంది. "పర్లేదు బాబాయ్, ఈ కిటికీలో పెడదాం, గాలి కూడా తగుల్తది" అని రూటరును వీధి కిటికీలో కూర్చోబెట్టాడు. రూటరుకు గాలి తగిలిందో లేదో గాని, గాలికి మా రూటరు తగిలింది. దానికీ మా పడగ్గదికీ మధ్య ఒక ఇనప బీరువా, ఒక నీళ్ల డ్రమ్ము ఉన్నాయి. ఇనుమూ నీళ్లూ అడ్డొస్తే ఈ తరంగాలు చతికిలబడతాయట. వీధి వైపు మాత్రం అడ్డు ఒక్క దోమతెర. దోమలు లోపలికి రాకూడదని కట్టించాను, వైఫై బయటికి పోకూడదని కట్టించలేదు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టమంటావ్ బాబాయ్?"

"నువ్వే ఏదో ఒకటి పెట్టు నాయనా."

"నీ ఫోన్ నంబరే పెడతా. మర్చిపోకుండా ఉంటది."

ఉంటది. నాకే కాదు, గ్యాసు బండ తెచ్చేవాడికి, పాలవాడికి, కిరాణాకొట్టు చీటీకి, ఇన్సూరెన్సు ఏజెంటుకు, మా కులసంఘం పెళ్లిసంబంధాల పుస్తకానికి, అందరికీ మర్చిపోకుండా ఉంటది. పోనీ నా నంబరు తెలియని దొంగ ఉన్నాడనుకుందాం. మన దేశంలో సెల్ నంబరు పది అంకెలు, మొదటిది ఆరు నుంచి తొమ్మిది లోపే ఉంటుంది. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. వినడానికి ఘనంగానే ఉంది. కాని మన ఫోను రూటరుతో కలిసేటప్పుడు చేసే పలకరింపును గాలిలో పట్టుకుని ఇంటికి తీసుకుపోతే, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు ఆ 400 కోట్లూ వేసి చూడటం గంటల పనట. ఈ సంగతి మా అబ్బాయి చెప్పాడు. చెప్పి, "నాన్నా, ముందు ఆ రూటరులో ఎవరెవరు ఉన్నారో చూడండి" అన్నాడు.

చూశాను. ఫోనులో 192.168.1.1 అని కొట్టమన్నాడు. పేరు అడిగింది. రూటరు అడుగున చీటీలో 'అడ్మిన్' అని ఉంది, కొట్టాను. తాళం మాట అడిగింది. దానికీ 'అడ్మిన్' అనే ఉంది. తాళంకప్పకు తాళంచెవి దారంతో కట్టి అమ్మే కంపెనీ లోకంలో ఇదొక్కటేనేమో అనుకున్నాను. కాదట, చాలా కంపెనీల రివాజు అదేనట. కొన్నవాడు మార్చుకుంటాడని వాళ్ల నమ్మకం, అమ్మినవాడు చూసుకుంటాడని మన నమ్మకం.

తలుపు తెరుచుకుంది. పాత పద్దుపుస్తకం ముందేసుకుని, పంక్తి గీసి, చుక్క పెట్టి రాసుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి మా ఇంటి రూటరును పట్టుకుని వేలాడుతున్న యంత్రాలు పదిహేడు. అందులో మావి: నా ఫోను, మా ఆవిడ ఫోను, టీవీ, మా అబ్బాయి వదిలేసిపోతే మా ఆవిడ వంటలు చూసుకునే టాబ్లెట్టు. నాలుగు. జమ నాలుగు, ఖర్చు పదిహేడు. ఇలాంటి పద్దు రాసిన గుమస్తాను ఏ షావుకారూ మర్నాటి దాకా ఉంచుకోడు.

మిగతా పదమూడింటి పేర్లూ చదివాను. రెడ్‌మీలు నాలుగు, వివోలు మూడు, ఒప్పోలు రెండు. ఒకదానికి యజమాని ముచ్చటపడి 'నేనే కింగ్' అని పేరు పెట్టుకున్నాడు. మా ఇంటి నెట్టు మీద మా వీధిలో ఎవడో రాజ్యం చేస్తున్నాడు. రెండింటికి పేరు స్థానంలో అడ్డగీతలు. చివరిదాని పేరు 'ఈఎస్‌పి', దాని వెనక తోకలాగా నాలుగు అక్షరాలు. మిగతావి వచ్చీపోయేవి. ఇది మాత్రం రాత్రీ పగలూ కదలకుండా కూర్చుని ఉంది. నా అనుమానమంతా దాని మీదే పడింది. పద్దులో దాని కింద ఎర్రసిరాతో గీత గీశాను.

మా ఆవిడతో చెప్పాను. "పోనీలెద్దురూ, తాగే నీళ్లా ఏమన్నానా, తరిగిపోవడానికి" అంది. ఆవిడ ధోరణి ఎప్పుడూ అంతే. అందుకని 2008 సంగతి చెప్పాను. ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాదులో బాంబులు పేలాయి. పేలడానికి కొద్ది నిమిషాల ముందు బెదిరింపు ఈ-మెయిలు ఒకటి వచ్చింది. పోలీసులు దాని జాడ పట్టుకుని నవీ ముంబయిలో ఒక ఫ్లాటుకు పోయారు. అందులో ఉన్నది ఎవరో అమెరికా ఆయన. ఆయన చేసిందల్లా తన వైఫైకి తాళం వేసుకోకపోవడం. తర్వాత సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్లప్పుడు మళ్లీ ముంబయిలోనే ఇంకొకరి వైఫై వాడారు. దాంతో 2009లో ముంబయి పోలీసులే వీధుల్లో తిరిగి తాళం లేని వైఫైలు వెతికారు. ఉత్తరం ఎవరు రాసినా, వెనక చిరునామా మనదే పడుతుంది. పోస్టుమాను వెతుక్కుంటూ వచ్చేది చిరునామా ఉన్న ఇంటికే.

మా ఆవిడ అంతా విని, "ఎదురింటి పంతులమ్మ తిరుమల కల్యాణోత్సవం చూసుకుంటే పోలీసులొస్తారా?" అంది.

"పంతులమ్మకు మన పాస్‌వర్డ్ ఎలా తెలుసు?"

మా ఆవిడ పోపు మాడుతోందని లేచి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

యుద్ధం మొదలుపెట్టాను. మొదటి ఉపాయం, పేరు దాచడం. రూటరులో ఒక గడి ఉంటుంది. అది నొక్కితే మన వైఫై పేరు ఎవరి ఫోనులోనూ కనపడదు. ఇంటి నంబరు పలక పీకేసినట్టన్నమాట. రెండు రోజులు మీసం మెలేశాను. తర్వాత మా అబ్బాయి నవ్వాడు. దాచిన పేరును మన ఫోను వెతుక్కోవాలి కదా, అందుకని అది ఎక్కడికి పోతే అక్కడ "ఫలానా వైఫై ఉందా, ఫలానా వైఫై ఉందా" అని కేకలేస్తూ తిరుగుతుందట. గడియార స్తంభం దగ్గర టీ తాగుతున్నా, వాడరేవులో సముద్రం చూస్తున్నా, నా జేబులోంచి నా ఇంటి రహస్యం నా ఫోనే చాటుతోంది. పీకిన పలక మళ్లీ బిగించాను.

రెండోది, రూటరు వెనకున్న డబ్ల్యూపీఎస్ అనే బొత్తాము. పాస్‌వర్డ్ కొట్టే శ్రమ లేకుండా ఇది నొక్కితే చాలు, లేదా చీటీ మీది ఎనిమిది అంకెలు చెబితే చాలు. సౌకర్యం బాగానే ఉంది. ఎనిమిది అంకెలంటే పది కోట్ల రకాలు, ఎవడు చెప్పగలడు? చెప్పగలడని 2011లో తేలింది. ఎనిమిదో అంకె మిగతా ఏడింటి నుంచి లెక్క కట్టేదే. మిగిలిన ఏడూ ఒక్కసారిగా సరిచూడరు. ముందు నాలుగు చూసి "ఇవి సరే" అంటుంది, తర్వాత మూడు చూస్తుంది. మొదటి సగానికి 10,000, రెండో సగానికి 1,000. మొత్తం 11,000 ప్రయత్నాలు. పది కోట్ల గదుల కోటకు కాపలా పెట్టిన మనిషి, దొంగ తాళంచెవి సగం తిప్పగానే "సగం కరెక్టేనయ్యా, ఇంకాస్త" అని ప్రోత్సహించే రకం. ఆ బొత్తాము పని రూటరులోనే మాన్పించాను. ఈ ఒక్కదాంట్లో మాత్రం నాకు పూర్తి విజయం దక్కింది. ఎందుకంటే ఆ దారిన ఎవరూ వచ్చి ఉండలేదు. సింహద్వారం తెరిచి ఉన్న ఇంటికి దొడ్డిగోడ దూకి వచ్చే మూర్ఖుడు ఎవడు?

మూడోది, హాజరుపట్టీ. ప్రతి ఫోనుకూ పుట్టుమచ్చలాంటి పన్నెండు అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది, మాక్ అడ్రసు అంటారు. రూటరుకు మన నాలుగు నంబర్లూ ఇచ్చి, వీళ్లను తప్ప ఇంకెవర్నీ రానివ్వకు అనొచ్చు. నాకు ఇది బాగా నచ్చింది, గుమస్తా బుద్ధికి సరిపోయింది. కళ్లద్దాలు తుడుచుకుని, ఫోను వివరాల పేజీలోంచి ఒక్కొక్క అక్షరమూ పద్దులోకి ఎక్కించి, పద్దులోంచి రూటరులోకి ఎక్కించి, సరే అన్నాను. మరుక్షణం నా ఫోను బయటికి పోయింది. మా ఆవిడదీ పోయింది. కారణం చిత్రమైనది. మన మీద ఎవరూ నిఘా వేయకుండా ఈ కాలపు ఫోన్లు తమ అసలు నంబరు చెప్పవు, వైఫైకొక మారుపేరు చెబుతాయి. నేను రూటరుకు ఇచ్చింది అసలు పేర్లు. మా ఫోన్లు వేసుకొచ్చినవి మారువేషాలు. రూటరు ఇంటి యజమానిని గుర్తుపట్టక వీధిలో నిలబెట్టింది. కేబుల్ కుర్రాడొచ్చి మమ్మల్ని మళ్లీ మా ఇంట్లో చేర్చి, "ఇయ్యన్నీ నీకెందుకు బాబాయ్" అని టీ తాగి పోయాడు. అసలు దొంగైనవాడు గాలిలో తిరిగే ఒక నంబరు కాపీ కొట్టి అదే వేషంతో రావచ్చని మా అబ్బాయి తర్వాత చెప్పాడు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నా కళ్లద్దాలైనా మిగిలేవి, కోపంలో వాటి మీద కూర్చున్నాను.

ఇక మిగిలింది పాస్‌వర్డ్ మార్చడమే. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, తర్వాత ప్రకాశంలోకి పోయింది, 2022లో బాపట్లకు వచ్చింది. యాభై ఏళ్లలో ఊరు జిల్లా మారింది రెండుసార్లు. మా ఇంట్లో పాస్‌వర్డ్ రెండు నెలల్లో ఏడుసార్లు మారింది. మార్చిన రాత్రి పద్దులో మా నాలుగే మిగిలేవి. ఆ ఈఎస్‌పి మర్నాటికల్లా లోపలుండేది. మిగతా పన్నెండూ మూడో రోజు సాయంత్రానికి సకుటుంబంగా వచ్చేవి. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర పద్దుపుస్తకం లేక.

ఒక సాయంత్రం నీళ్లు తాగడానికని వంటింట్లోకి పోతే, గట్టు మీద టాబ్లెట్టు నిలబెట్టి ఉంది. దాని మీద నలుపూ తెలుపూ గళ్లతో చదరంగా ఒక బొమ్మ. మా ఆవిడ పక్కనే కరివేపాకు దూస్తోంది. పక్కింటి కుర్రాడు దాని ముందు తన ఫోను పట్టుకుని నిలబడ్డాడు. కిటికీ అవతల ఇంకో ఇద్దరు వరసలో ఉన్నారు. ఏమిటిదని అడిగాను. అది మన పాస్‌వర్డేనట, ముగ్గులా గీసి ఉంటుంది, దాని ముందు ఫోను పెడితే చాలు, అక్షరం ముక్క కొట్టక్కర్లేదు. నేను పదహారు అక్షరాలు పెట్టినా అరవై అక్షరాలు పెట్టినా ఆ ముగ్గుకు ఒకటే. తెల్లారి లేచి వాకిట్లో పెట్టేది ఒక ముగ్గు, పొద్దు గూకాక వంటింట్లో పెట్టేది ఇంకో ముగ్గు. రెండూ లక్ష్మిని పిలిచేవేనని మా ఆవిడ నమ్మకం.

కుర్రాడిని చట్టంతో బెదిరించాను. "ఒరేయ్, ఐటీ చట్టం 2000, సెక్షన్ 66. మూడేళ్లు జైలు, ఐదు లక్షల జరిమానా. తెలుసా?"

వాడు లా చదువుతున్నాడని నాకు గుర్తులేదు.

"తెలుసు బాబాయ్. అది 43తో కలిపి చదవాల. యజమాని అనుమతి గాని, దానికి ఇంచార్జిగా ఉన్నవాళ్ల అనుమతి గాని లేకుండా వాడితేనే నేరం. ఈ ఇంటికి ఇంచార్జి ఎవురంటావ్?"

మా ఆవిడ కరివేపాకు దూయడం ఆపి నా వంక చూసింది. ఆ ప్రశ్నకు ఏ కోర్టులోనూ వేరే జవాబు రాదు. నేను నీళ్లు తాగి బయటికొచ్చాను.

"పిల్లాడు పరీక్షకు చదువుకుంటానన్నాడండీ. మజ్జిగ అడిగితే లేదంటామా?" అని వెనకనుంచి వినిపించింది.

ఆ రాత్రి నాకు 1921 గుర్తొచ్చింది. అది మా తాతల కాలం. అంతకు కొంతకాలం ముందే మద్రాసు ప్రభుత్వం చీరాల పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేసింది. అడగని మున్సిపాలిటీ, మోయలేని పన్ను. జనం కట్టం పొమ్మన్నారు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ముందుండి నడిపితే, ఊరు ఊరంతా ఇళ్లు వదిలిపెట్టి పొలిమేర అవతల పాకలు వేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టుకుంది. ఎండనక వాననక దాదాపు పదకొండు నెలలు అక్కడే కాపురం. గోపాలకృష్ణయ్యగారి రామదండు కట్టుబాటు చెడకుండా కాపలా. పిలవని సర్కారును ఇంట్లోకి రానివ్వనందుకు ఇళ్లే వదిలేసిన ఊరు మాది. ఆ వంశాంకురాన్నయిన నేను పక్కింటి కుర్రాడి ఫోనును రానివ్వకుండా ఆపలేకపోతున్నాను. పోనీ నేనూ ఇల్లు వదిలి వాడరేవు దగ్గర పాక వేసుకుందామా అంటే, వైఫై కిటికీలోనే ఉంటుంది, నేను పోతే వాళ్లకు ఇంకాస్త వేగం వస్తుంది. నాకొక రామదండు లేదు. ఉన్న ఒక్క సైనికురాలు అవతలి పక్షంలో ఉంది.

మర్నాడు కోపం తగ్గకముందే పద్దుపుస్తకం చంకన పెట్టుకుని వెనకింటికి పోయాను. 'నేనే కింగ్' అక్కడిదేనని నాకు రూఢి. మగ్గం ఇల్లు. గుంట మగ్గంలో నడుం దాకా దిగి కూర్చుని నేస్తున్నాడు ఆయన. మగ్గం చట్రానికి తాడు కట్టి, తాడుకు ఒక ఫోను వేలాడదీశాడు. అందులో ఒక చీర అంచు బొమ్మ. నన్ను చూసి నాడె ఆపాడు.

"రాండి అన్నాయ్. మీ వైఫైకి ఏమయింది? నిన్నటి నుంచి రాట్లేదు. బిల్లు కట్టలా ఏంది?"

నేను తేవలసిన ఫిర్యాదును నా మీదికే తెచ్చిన ఆ మర్యాదకు మాట పడిపోయింది. హైదరాబాదు షాపువాళ్లు డిజైను ఫోనులో పంపుతారట. సగం నేశాక ఫొటో తీసి పంపమంటారట. వాళ్లు సరేనంటేనే మిగతా సగం. నిన్న ఫొటో పోలేదు, అందుకే సగం చీర దగ్గర ఆగాడు. 'నేనే కింగ్' వాళ్లబ్బాయి పెట్టిన పేరట. "ఎదవ, మారిస్తా అన్నాయ్" అన్నాడు.

కూర్చోమన్నాడు. మగ్గం గట్టున కూర్చుని చూశాను. కుప్పడం చీర. ఒళ్లు నూలు, అంచు పట్టు, రంగులు వేరు. ఎడమ అంచుకొక నాడె, కుడి అంచుకొక నాడె, మధ్యలో ఒళ్లుకు ఇంకో నాడె. ఒళ్లు నేసే నాడె అంచు దాకా వెళ్తుంది, అంచు పేకను కొక్కెంలా పెనవేసుకుంటుంది, వెనక్కి తిరుగుతుంది. అంచు నాడె తన జానెడు మేరలోనే తిరుగుతుంది. ముప్పై ఎనిమిదేళ్లు ఈ చీరల ధరలు రాశాను గాని, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అంచులోని ఎరుపు ఒక్క పోగు కూడా ఒంట్లోకి రాదు. అలాగని విడిపోదు. లాగి చూపించాడు. రెండు చేతులా లాగినా అతుకు దగ్గర పిగలదు.

"ఒకే మగ్గం, ఒకే పన్నె. నాడెలే వేరు అన్నాయ్" అన్నాడు.

ఇంటికొచ్చి మా అబ్బాయికి ఫోను చేశాను. ఒకే రూటరులో రెండు నాడెలు ఆడించే వీలుందా అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. విడమరిచి చెబితే, "గెస్ట్ నెట్‌వర్క్ అంటారు నాన్నా, మీ రూటరులో ఉంది, నేను రెండేళ్ల నుంచి చెబుతున్నా" అన్నాడు. వాడు ఇంగ్లీషులో చెప్పినన్నాళ్లూ నాకు తెలియలేదు.

అసలు మన పెద్దలు ఈ సమస్య ఎప్పుడో తేల్చేశారు. పాత ఇళ్లకు వీధి వైపు అరుగు ఉండేది. దారినపోయేవాడు కూర్చోవచ్చు, మంచినీళ్లు అడగొచ్చు, రాత్రి వానొస్తే పడుకోవచ్చు. ఎవరని ఎవరూ అడగరు. అరుగు దాటి వసారా, వసారా దాటి నట్టిల్లు, నట్టిల్లు దాటి వంటిల్లు, ఆపైన దేవుడి గది. ఎవరు ఎంతదాకా రావాలో గోడలే చెప్పేవి, గొళ్లెంతో పని లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అరుగు పోయింది. పోయింది కదా అని ఇనప గేటు పెట్టించాను. అప్పట్నుంచి వచ్చినవాడు గేటు బయటన్నా ఉండాలి, వంటింట్లోకన్నా రావాలి, మధ్యలో కూర్చునే చోటు లేదు. వైఫైకీ అదే గతి పట్టించాను.

అరుగు కట్టించాను. అంటే రూటరులో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, దానికి 'అరుగు' అని పేరు పెట్టాను. అందులో ఉన్నవాళ్లకు ఇంటర్నెట్టు వస్తుంది, మా ఇంటి లోపలి యంత్రాలు కనపడవు. రూటరు పేజీ అసలే తెరుచుకోదు. మొత్తం వేగంలో వాళ్ల వంతు ఇంతేనని హద్దు పెట్టాను, ఏడున్నరకు మనవరాలి నోరు మూతపడాలి కదా. తాళం లేకుండా వదిలితే దారినపోయే ఎవడి ఉత్తరానికో నా చిరునామా పడుతుంది కనుక దీనికీ ఒక పాస్‌వర్డ్ పెట్టి, దాని ముగ్గు అచ్చు వేయించి, అట్టకు అంటించి మా ఆవిడ చేతికిచ్చాను. నెలకోసారి ఒకటో తారీకున మారుస్తానన్నాను. అడిగినవాళ్లకు ఇచ్చుకో, పేరు మాత్రం పద్దులో రాయించు అన్నాను. పన్నెండు మందీ రాశారు. లా కుర్రాడు సంతకం కింద తేదీ కూడా వేశాడు.

మిగిలింది ఈఎస్‌పి. అది అరుగు మీదికి రాలేదు. ఎవరూ మాదన్నారు కాదు. పొద్దూకకముందే దాన్ని పట్టుకుని, నిరోధించు అనే మాట మీద వేలు గట్టిగా నొక్కాను. తెర మీద నుంచి పోయింది. పొద్దూకినాక విజయగర్వంతో వాకిట్లోకి వస్తే చీకటి. గేటు దీపం వెలగలేదు. నాలుగు రోజులు ఎలక్ట్రీషియను కోసం తిరిగాక మా అబ్బాయి చెప్పాడు, ఆ బల్బు వాడు పంపిందేనట. వైఫైతో వెలుగుతుంది. ఎప్పుడు పాస్‌వర్డ్ మార్చినా వాడే ఫోనులో చెప్పి మా ఆవిడ చేత దాన్ని మళ్లీ కలిపించేవాడట. ఎర్రసిరాతో గీత గీసినది నా గుమ్మం ముందు దీపం కిందే. ఇలాంటి బల్బులూ టీవీలూ కెమేరాలూ సొంత జాగ్రత్త తెలియని రకం, వాటినీ అరుగు మీదే కూర్చోబెట్టాలట. టీవీని, బల్బును అక్కడికి పంపాను.

ఇక నట్టిల్లు. రూటరు అడ్మిన్ మాట మార్చాను. ఫర్మువేరు కొత్తది వేయించాను. రక్షణ పద్ధతిలో పాతవన్నీ తీయించాను. 1997 నాటి వెప్ అనేది 2001లోనే బద్దలైందట, ఇప్పుడు డబ్ల్యూపీఏ2కు తక్కువైతే లాభం లేదు, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే పలకరింపు ఎత్తుకుపోయినా ఇంట్లో కూర్చుని ఊహించే వీలుండదు. మాది కొత్త రూటరు కనుక మూడునే పెట్టాను. పాస్‌వర్డ్‌కు పొడుగే బలమన్నాడు మా అబ్బాయి. ఒకదానికొకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు ఏరి, ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా కొట్టాను. ఎక్కడా రాయలేదు. మా ఆవిడ ఫోనులోనూ టాబ్లెట్టులోనూ ఆవిడ చేతే కొట్టించి, "ఇది ఎవరు అడిగినా, ఎంతటివాళ్లు అడిగినా చెప్పకూడదు" అని దేవుడి గదిలో దీపం ముందు మాట తీసుకున్నాను. మూడు వారాలు ఇల్లు ప్రశాంతంగా ఉంది. మనవరాలు "తాతా" అని పూర్తిగా అంది.

మొన్న నా ఫోను కుళాయి కింద బకెట్లో పడింది. కొత్తది కొన్నాను. అది పాస్‌వర్డ్ అడిగింది. నాలుగు మాటలూ గుర్తున్నాయి. చింతకాయకు దీర్ఘం దగ్గర 'ఏ' ఒకటి కొట్టానో రెండు కొట్టానో గుర్తులేదు. మిగతా మూడింట్లోనూ దీర్ఘాలున్నాయి. పదహారు రకాలుగా కొట్టి చూశాను. 'చ'కు 'హెచ్' ఒకటా రెండా అన్నది గుర్తొచ్చేసరికి లెక్క ముప్పై రెండుకు పోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడను అడిగాను.

"ఎంతటివాళ్లు అడిగినా చెప్పొద్దన్నారుగా" అంది.

నవ్వుతోందేమోనని చూశాను. లేదు. గూట్లోంచి అట్ట తీసి నా ముందు పెట్టింది. కొత్త ఫోను దాని మీద పట్టుకుంటే క్షణంలో కలిసింది. పద్దుపుస్తకం కూడా ఇచ్చి, పేరు రాయమంది. లా కుర్రాడి కింద రాశాను. తేదీ కూడా వేశాను.

రాత్రి లెక్క చూసుకున్నాను. లోపల రెండు, రెండూ ఆవిడవే. అరుగు మీద పదిహేను. మొత్తం పదిహేడు. పద్దు సరిపోయింది.